అనంతగిరిలో మోకాళ్ల నొప్పితో నడవొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఒక్కరోజు వికారాబాద్ అనంతగిరి అనుకుంటున్నాం. అమ్మకు 68, మోకాళ్ల నొప్పి. పసివాడి తోపుడుబండీ ఉంటుంది. ఎటు నడవాలండీ?

జవాబు: గుడి దగ్గర్నుంచి లోయలోకి దిగే అడవి బాట వద్దు. ఎర్రమట్టి మీద గులకరాళ్లు కాలికింద దొర్లుతాయి. ఎక్కడంకన్నా దిగడమే మోకాలికి బరువు. తారురోడ్డు అంచునే, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపు నడవండి. పొడవు మార్చుకునే ట్రెక్కింగ్ కర్ర అయితే మోచేయి 90 డిగ్రీలు వంగేంత పొడవుండాలి, దిగేటప్పుడు ఇంకో 5 సెంటీమీటర్లు పెంచండి. 20 నిమిషాలు నడిచాక ఓపికున్నా వెనక్కి తిరగాల్సిందే, తిరుగుదారీ అంతే కదా.

ఇంకో జవాబు: తోపుడుబండి చిన్న చక్రాలు కంకరలో ఇరుక్కుంటాయి, పసివాణ్ణి ఒంటికి కట్టుకునే జోలె మేలు. దగ్గర్లోని కోట్‌పల్లి చెరువుకు వెళ్తే, కట్ట మీద నీడుండదు, ఉదయం 9 లోపే ముగించండి. తినేవి చేతిలో పట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి!