‘అకారాది’కి ఇంకా పనుందా?

ప్రశ్న: విజ్ఞాన సర్వస్వాలన్నీ ఫోన్లోకే వచ్చేశాయి. పేరు కొడితే వ్యాసం తెరుచుకుంటోంది. ఇక ‘అకారాదిగా’, అంటే ‘అ’ మొదలు అక్షరాల వరుసలో, అన్న మాటతో పనేముందండీ?

జవాబు: పని తగ్గిన మాట నిజమేనండీ. అచ్చు రోజుల్లో మాత్రం పెత్తనమంతా దానిదే. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు 1912 ప్రాంతంలో ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టారు. కొన్ని సంపుటాలు వచ్చినా అక్షరమాల మొదట్లోనే ఉండగా, 1923లో ఆయన కన్నుమూశారు. శివాజీ చరిత్ర రాసిన మనిషి తన సర్వస్వంలో ‘శ’ దాకా రానే లేకపోయారు! తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని భుజానికెత్తుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి వేరే దారి పట్టింది. విషయాల వారీగా సంపుటాలు వేసింది. ‘తెలుగు సంస్కృతి’ అలా వచ్చినదే. నా దృష్టిలో అది మనకు కొత్త పద్ధతేమీ కాదు. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం నడక అదే కదా: వనౌషధి వర్గంలో చెట్లూ మందుమొక్కలూ, సింహాది వర్గంలో జంతువులూ పక్షులూ. వల్లె వేసేవాడికి అక్షరక్రమం కన్నా ఈ పొందికే అక్కరకొచ్చేది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసమైనా తెరిచి అడుగున చూడండి, ‘వర్గాలు’ అని ఉంటుంది. అమరుడి మాటే! ఒక్క తేడా ఉంది, నాకు అదే పెద్దదనిపిస్తుంది: అచ్చులో ఒక వ్యాసానికి ఒకటే చోటు. ఇక్కడ లక్ష్మణరావు గారి వ్యాసాన్ని చరిత్రకారుల్లోనూ పెట్టొచ్చు, రచయితల్లోనూ పెట్టొచ్చు. పైగా ‘శ’ గురించి రాయాలంటే ‘అ’ పూర్తయ్యేదాకా ఎవరూ ఆగక్కర్లేదు.

మరో సభ్యురాలు: అయితే అకారాది పూర్తిగా పోయినట్టేనా మాస్టారూ?

జవాబు: లేదమ్మా. వర్గం పేజీ తెరిస్తే లోపల పేర్లన్నీ అకారాదిగానే ఉంటాయి. కాకపోతే వాటిని పేర్చేది యంత్రం. బడిలో మనం ‘హ, ళ, క్ష, ఱ’ అని చివర్లో చదువుకున్నాం. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ‘క్ష’కు విడిగా సంకేతం లేదు, క, పొల్లు, ష కలిస్తేనే అది. కాబట్టి క్షేత్రయ్య కోసం అడుగుదాకా వెళ్లకండి, ‘క’ కిందే చూడండి.