రిలీజ్ బిల్డ్‌లో పిలిచిన మెథడ్ పేరు తప్పుగా పడుతోంది

ప్రశ్న:
మాధాపూర్‌లో నలుగురున్న చిన్న ఆఫీసు మాది. మెడికల్ షాపులకు సి షార్ప్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. లాగ్‌లో (ప్రోగ్రామ్ చేసే పనుల రికార్డు) ప్రతి లైను పక్కన, దాన్ని ఏ మెథడ్ (ఒక్కో పని చేసే కోడ్ ముక్క) రాయించిందో తెలియాలని లాగ్ మెథడ్ లోపల స్టాక్‌ఫ్రేమ్(1), అంటే లాగ్‌ని పిలిచిన మెథడ్ వివరం, తీసుకుని, గెట్‌మెథడ్‌తో పేరు లాగుతున్నాను. నా లాప్‌టాప్‌లో బంగారంలా పని చేసింది. నిన్న కోఠిలో ఒక షాపులో రిలీజ్ బిల్డ్ (కస్టమర్‌కి ఇచ్చే, వేగం కోసం ఆప్టిమైజ్ చేసిన వెర్షన్) పెట్టాం. 'రెడ్యూస్‌స్టాక్' అని ఉండాల్సిన చోట 'సేవ్‌బిల్' అని పడుతోంది. దాన్ని నమ్మి సేవ్‌బిల్‌లో లేని బగ్ కోసం రెండు గంటలు వెతికాను. నాగోలు వెళ్లే మెట్రోలో కూడా ఇదే టెన్షన్. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు 1:
మీ రెడ్యూస్‌స్టాక్ రెండు మూడు లైన్లే కదా? రిలీజ్‌లో జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చేది) అలాంటి చిన్న మెథడ్‌ని, పిలిచిన చోటే కలిపేస్తుంది. ఇన్‌లైన్ చేయడం అంటాం. అప్పుడు కాల్ స్టాక్‌లో, అంటే ఎవరు ఎవర్ని పిలిచారనే వరుసలో, దానికి ఫ్రేమే ఉండదు, దాన్ని పిలిచిన సేవ్‌బిల్ కనిపిస్తుంది. తయారీలో వాడే డీబగ్ బిల్డ్‌లో ఇన్‌లైన్ చేయదు కాబట్టి మీ దగ్గర సరిగ్గా వచ్చింది. మెథడ్ మీద 'ఇన్‌లైన్ చేయొద్దు' అని చెప్పే నోఇన్‌లైనింగ్ పెట్టొచ్చు, కానీ ఎన్నింటికని పెడతారు?

జవాబు 2:
అసలు స్టాక్ తవ్వడం ఎందుకండీ? లాగ్ మెథడ్‌కి డిఫాల్ట్ విలువ ఉన్న స్ట్రింగ్ పారామీటర్ ఒకటి చేర్చి, దాని మీద కాలర్‌మెంబర్‌నేమ్ ఆట్రిబ్యూట్ (పిలిచిన మెథడ్ పేరు నింపమని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెట్టండి. 2012లో సి షార్ప్ 5తో వచ్చింది. పేరును కంపైలరే నింపేస్తుంది, రన్ అయ్యేటప్పుడు వెతుకులాట లేదు. అసింక్ మెథడ్స్‌లో (మధ్యలో ఆగి, తర్వాత కొనసాగగలిగేవి) స్టాక్‌ఫ్రేమ్ 'మూవ్‌నెక్స్ట్' అని చూపిస్తుంది, ఇందులో ఆ తలనొప్పీ ఉండదు.

అడిగినవారు:
పెట్టాను. ఇప్పుడు ఎర్రర్ లైన్లన్నిటికీ 'రైట్‌ఎర్రర్' అనే పడుతోంది! అది లాగ్‌ని పిలిచే మా చిన్న ర్యాపర్.

జవాబు 2:
లాగ్‌ని నేరుగా పిలిచింది అదే కదా మరి. ర్యాపర్‌కి కూడా అదే పారామీటర్, అదే ఆట్రిబ్యూట్ పెట్టి, వచ్చిన పేరును లాగ్‌కి అందించండి.

అడిగినవారు:
వచ్చిందండీ! రెడ్యూస్‌స్టాక్ రెడ్యూస్‌స్టాక్‌గానే పడుతోంది. క్లాస్ పేరు రావట్లేదని, సోర్స్ ఫైల్ ఉన్న చోటు చెప్పే కాలర్‌ఫైల్‌పాత్ కూడా పెట్టా. బిల్డ్ చేసింది నా లాప్‌టాప్‌లో కదా, కోఠి షాపు లాగ్‌లో నా ఫోల్డర్ పేరు పూర్తిగా కనిపిస్తోంది: 'ఫైనల్_ఫైనల్_ఇదే_ఫైనల్'. మా సార్ చూడకముందే తీసేస్తున్నా.