68 మి.మీ. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీ వైరింగ్: తాళం ఆన్ చేయగానే బటర్‌ఫ్లై ఫుల్లుగా తెరుచుకుంటోంది

హనుమకొండ 1.8 టర్బో
అన్నలూ, సాయం కావాలి. బండి 2005 ఆక్టేవియా వీఆర్‌ఎస్, 1.8 టర్బో, ట్రాక్ డేలకు మాత్రమే వాడతా. కంపెనీ ఇసియు (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి స్టాండలోన్ (మనమే సెట్ చేసుకునే విడి ఇసియు) పెట్టించి చాలా కాలమైంది. దాని మీద బండి సొంత థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి పోయే గాలిని బటర్‌ఫ్లై అనే గుండ్రటి రేకుతో తెరిచి మూసే భాగం) ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి బాష్ 68 మి.మీ. సెకండ్ హ్యాండ్ బాడీ తెచ్చి, లేత్ మీద అల్యూమినియం అడాప్టర్ చేయించి బిగించాం. పాతదానికీ ఆరు పిన్నులే, దీనికీ ఆరే. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ అదే వరసలో కొత్త కప్లర్‌కి కలిపేసి, దొరికిన ఒక పిన్ చార్ట్ చూసి రెండు వైర్లు అటూ ఇటూ మార్చాడు. తాళం ఆన్ చేస్తే బటర్‌ఫ్లై టప్‌మని మొత్తం తెరుచుకుంటోంది. వెంటనే ఇసియు ఫాల్ట్ చూపించి ఆపేస్తోంది. స్టార్ట్ చేసే ధైర్యం రావట్లేదు. బాడీ పాడైందా, ఇసియు పోయిందా? మస్తు టెన్షన్‌గా ఉంది.

రామగుండం ఇన్‌స్ట్రుమెంట్
స్టార్ట్ చేయకపోవడం మంచిదైంది తమ్మీ. ముందుగా ఒక జాగ్రత్త: తాళం ఆన్‌లో ఉండగా ఆ నోట్లో వేలు పెట్టకు. ఆ మోటార్ బలం తక్కువేం కాదు, గోరు లేచిపోతుంది.

నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి బాడీ, ఇసియు రెండూ బాగానే ఉండొచ్చు. మోటార్ వైర్లు రెండూ తారుమారై ఉంటాయి. ఇసియు "కొంచెం మూయి" అంటే మోటార్ తెరుస్తుంది. సెన్సర్ చూసి "ఇంకా తెరుచుకుందే" అని ఇసియు ఇంకా గట్టిగా మూయమంటుంది, మోటార్ ఇంకా గట్టిగా తెరుస్తుంది. చివరికి స్టాపర్‌కి కొట్టుకుని ఆగుతుంది. మోటార్ సరిగ్గా ఉండి సెన్సర్ సిగ్నళ్లు ఒకదాని చోట ఒకటి పడ్డా ఇదే జరుగుతుంది. అందుకే ఊహతో వైర్లు మార్చకు. బాడీ విప్పి టేబుల్ మీద పెట్టి మీటర్‌తో చూడు. ఆరు పిన్నులున్నంత మాత్రాన వరస ఒకటే అని కాదు, కంపెనీని బట్టి మారిపోతుంది. నెట్‌లో దొరికే చార్టుల్లో సగం, కప్లర్‌ని ముందు నుంచి చూసి రాశారో వెనక నుంచి చూసి రాశారో కూడా తెలియదు.

ఆ ఆరింటిలో రెండు మోటార్‌వి. మిగతా నాలుగు సెన్సర్‌వి: 5 వోల్టులు, సెన్సర్ ఎర్త్, సిగ్నల్ ఒకటి, సిగ్నల్ రెండు. మీటర్ ఓమ్స్‌లో పెట్టి జతలు జతలుగా చూడు. ఒక్క జత మధ్యే కొద్ది ఓములు వస్తాయి, అది మోటార్. చూసేటప్పుడు బటర్‌ఫ్లై కదలకూడదు, కదిలితే మోటారే కరెంట్ పుట్టించి మీటర్‌ని ఆగమాగం చేస్తుంది. మిగతా నాలుగింటి మధ్య కిలో ఓములు వస్తాయి. ఒకటి ఎక్కుతూ ఒకటి దిగే రకంలో బటర్‌ఫ్లై తిప్పినా రెండు జతల మధ్య విలువ పెద్దగా మారదు: సప్లై–ఎర్త్ ఒక జత, రెండు సిగ్నళ్లు ఇంకో జత. ఏది ఏదో ఆ పార్ట్ నంబర్ షీట్‌తో సరిచూసుకో. ఇది లోపల రాపిడి ట్రాక్ ఉన్న రకానికే పనిచేస్తుంది. కొత్త కాంటాక్ట్‌లెస్ రకానికి ఓమ్స్ పరీక్ష పనికిరాదు. దానికి ఆ పార్ట్ నంబర్ తాలూకు షీట్ దొరక్కుండా 5 వోల్టులు ఇస్తే చిప్ కాలిపోవచ్చు.

తర్వాత పాత ఫోన్ చార్జర్ కేబుల్ ఒకటి కోసి, ప్లస్ మైనస్ మీటర్‌తో నిర్ధారించుకుని, సెన్సర్ సప్లైకి 5 వోల్టులు ఇయ్యి. బటర్‌ఫ్లైని చేత్తో మెల్లగా తెరువు. ఒక సిగ్నల్ పెరగాలి, ఇంకోటి తగ్గాలి. ఈ బాష్ రకంలో రెండూ కూడితే ఏ కోణంలోనైనా దాదాపు 5 రావాలి. మధ్యలో ఒకచోట అంకె సర్రున పడి లేస్తే అక్కడ ట్రాక్ అరిగినట్టు, ఆ బాడీ వాపస్ ఇచ్చేయ్. కొన్ని కంపెనీల్లో రెండో సిగ్నల్ తగ్గదు, అదీ పెరుగుతుంది గానీ వేరే వాలులో. వాటికి ఈ కూడిక వర్తించదు.

మోటార్ దిశ తెలుసుకోవడానికి 9 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు. అలా తాకించి తీసెయ్. ఏ పిన్‌కి ప్లస్ ఇస్తే తెరుచుకుందో రాసిపెట్టుకో. కారు బ్యాటరీ నేరుగా పెట్టకు.

కాజీపేట ట్యూనర్
అన్న చెప్పిందానికి చిన్న చేర్పు. కరెంట్ లేనప్పుడు బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకుని ఉండదు, కాస్త తెరిచే ఉంటుంది. అది పాడైందనుకుని స్ప్రింగ్ గెలకొద్దు. కరెంట్ పోయినా బండి నెమ్మదిగా ఇంటికి చేరాలని స్ప్రింగులు అక్కడ ఆపుతాయి. అక్కడి నుంచి మూయాలన్నా తెరవాలన్నా మోటారే లాగాలి. అందుకే ఇసియులో రెండు దిక్కులా తిప్పగల డ్రైవర్ ఉండాలి. మామూలు ఇంజెక్టర్ అవుట్‌పుట్‌తో ఇది నడవదు. తమ్ముడి ఇసియు పాత బాడీని నడిపింది కాబట్టి అతనికి ఆ బాధ లేదు.

హనుమకొండ 1.8 టర్బో
దండం అన్నా, పొద్దున కూర్చుని చూశా. మీరన్నదే నిజం. మోటార్ వైర్లు తారుమారయ్యాయి. సెన్సర్‌వి సరిగ్గానే ఉన్నాయి, కూడిక ఎక్కడ చూసినా 4.9 నుంచి 5 మధ్య వస్తోంది. మోటార్ వైర్లు మార్చాక తెరుచుకోవడం ఆగింది. కానీ రెండు కొత్త గోలలు. ఒకటి, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ బటర్‌ఫ్లై కందిరీగలా జుయ్యిమని వణుకుతోంది. రెండు, స్టార్ట్ చేసి రేస్ ఇస్తే అప్పుడప్పుడు "సిగ్నల్ ఒకటి, రెండు సరిపోలడం లేదు" అని ఫాల్ట్ వచ్చి లింప్‌లోకి (ఇసియు పవర్ తగ్గించి నెమ్మదిగా మాత్రమే నడిపే స్థితి) పోతోంది. ఒక మెకానిక్ భాయ్ రెండు సిగ్నళ్లనూ ఒకే వైర్‌కి కలిపేస్తే ఫాల్ట్ రాదంటున్నాడు.

రామగుండం ఇన్‌స్ట్రుమెంట్
ఆ మాట వినకు. సిగ్నళ్లు రెండు పెట్టిందే ఒకటి అబద్ధం చెబితే ఇంకోటి పట్టుకోవడానికి. ఒకటి ఎక్కుతూ ఒకటి దిగుతూ ఉండే సెన్సర్‌లో రెండూ కలిపితే ఫాల్ట్ తగ్గదు, పెరుగుతుంది. పోనీ సాఫ్ట్‌వేర్‌లో ఆ చెక్ ఆపేశావనుకో, సెన్సర్ వైర్ తెగిన రోజు బటర్‌ఫ్లై దానంతటదే తెరుచుకున్నా పట్టుకునేది ఏదీ ఉండదు.

రేస్ ఇచ్చినప్పుడే వస్తోందంటే వైరింగ్ మీద అనుమానం. సెన్సర్ ఎర్త్ ఎక్కడికి పోయింది? వైర్లు ఏ దారిన పోయాయి? కప్లర్ దగ్గర ఫొటో పెట్టు.

హనుమకొండ 1.8 టర్బో
ఫొటో పెట్టాను. ఆరు వైర్లూ ఒకే స్లీవ్‌లో ఇగ్నిషన్ కాయిల్స్ పక్క నుంచి పోయాయి. సెన్సర్ ఎర్త్‌ని ఇంజన్ బ్లాక్ మీద బోల్ట్‌కి బిగించాడు.

రామగుండం ఇన్‌స్ట్రుమెంట్
దొంగ దొరికాడు. బ్లాక్ మీదుగా కాయిల్స్ కరెంట్, స్టార్టర్ కరెంట్ అన్నీ పోతాయి. అక్కడి ఎర్త్ నిలకడగా సున్నా మీద ఉండదు, ఎగురుతూ ఉంటుంది. సెన్సర్ దాంతో పాటే ఎగురుతుంది. సెన్సర్ ఎర్త్ ఇసియులో సెన్సర్ ఎర్త్ అని రాసి ఉన్న పిన్‌కే పోవాలి, దారిలో బాడీకి గానీ ఇంజన్‌కి గానీ తగలకూడదు.

వైర్లు కూడా కొత్తగా లాగు. మోటార్ రెండింటికీ 1.5 చ.మి.మీ. వైర్, జడలా మెలితిప్పి విడిగా. బటర్‌ఫ్లై బిగుసుకుంటే ఆ మోటార్ క్షణంపాటు 8–10 ఆంపియర్లు లాగగలదు, సన్న వైర్ పనికిరాదు. సెన్సర్ నాలుగింటికీ 0.5 చాలు, షీల్డ్ ఉన్న కేబుల్ అయితే మేలు. షీల్డ్‌ని ఇసియు వైపే ఎర్త్ చెయ్, రెండో కొస ఊరికే వదిలి స్లీవ్ కప్పు. రెండు కట్టలూ కాయిల్స్‌కి, టర్బోకి దూరంగా పోవాలి. మన దగ్గర మే నెలలో ఎండకే బానెట్ కాలిపోతుంటుంది. టర్బో పక్కన మామూలు పీవీసీ వైర్ ఒక వేసవికే పెళుసుబారుతుంది, సిలికాన్ లేదా టెఫ్లాన్ వైర్ వాడు.

నీ ఫొటో పెద్దది చేసి చూశా. కప్లర్‌లో ఎడమ నుంచి రెండో పిన్ మిగతావాటి కన్నా లోపలికి జరిగి ఉంది. లాక్ నాలుక కూర్చోలేదు. దాని వైర్‌ని వెనక నుంచి మెల్లగా లాగు, ఊడి చేతికొస్తే ఆ పిన్ మార్చెయ్. సోల్డరింగ్ చేసి పొడవు చేసిన వైర్లు కూడా వద్దు. సోల్డర్ ఆగినచోట వైర్ బిగుసుకుని, వణుకుడికి అక్కడే తెగుతుంది. సరైన టూల్‌తో క్రింప్ చెయ్ (పిన్‌ని వైర్ మీద నొక్కి బిగించు).

కాజీపేట ట్యూనర్
జుయ్యిమనే వణుకు నా పద్దు. అది పాత బాడీకి కుదిర్చిన పీఐడీ (మోటార్‌ని ఎంత గట్టిగా, ఎంత త్వరగా తిప్పాలో ఇసియుకి చెప్పే పీ, ఐ, డీ అనే మూడు అంకెలు). కొత్త దాని స్ప్రింగ్ వేరు, మోటార్ వేరు. ముందు బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి, ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో పెట్టి, ఇసియుకి మూసిన స్థానం, తెరిచిన స్థానం నేర్పించు. దిగిపోయిన బ్యాటరీతో నేర్పిస్తే మోటార్ స్టాపర్ దాకా నొక్కలేదు, అంకె తప్పు పడుతుంది. తర్వాత ఐ సున్నా చేసి, వణుకు పోయేదాకా పీ తగ్గించు. టార్గెట్‌ని 10 శాతం నుంచి 50కి ఒక్కసారిగా మార్చి గ్రాఫ్ చూడు. దాటిపోయి వెనక్కొస్తే డీ కొంచెం పెంచు, చేరకుండా కింద ఆగిపోతే ఐ కొంచెం ఇయ్యి. తెరిచేటప్పుడు బాగుండి మూసేటప్పుడు తడబడితే కంగారు పడకు, ఇంటికి చేర్చే ఆ మధ్య స్థానం దగ్గర స్ప్రింగ్ దిశ మారుతుంది, అక్కడ ప్రతి బాడీ కాస్త సతాయిస్తుంది.

వణుకు పోయాక ఇంజన్ స్లో సెట్ చెయ్. 60 మి.మీ. రంధ్రంతో పోలిస్తే 68ది వైశాల్యంలో 28 శాతం పెద్దది. అంటే అదే కోణానికి గాలి ఎక్కువ పోతుంది. పాత కోణమే ఉంచితే స్లోలోనే 2000 తిరుగుతుంది. పెడల్ టేబుల్ కూడా మొదట్లో మెత్తగా పెట్టు, 10 శాతం తొక్కితే బటర్‌ఫ్లై 5 తెరిస్తే చాలు. లేదంటే కాస్త కాలు తగిలినా దూకుతుంది, మనిషేమో "ఏం పికప్!" అనుకుంటాడు.

ములుగు రోడ్ లేత్
అడాప్టర్ లోపల చూశారా? ఫుల్లుగా తెరుచుకున్నప్పుడు బటర్‌ఫ్లై అంచు బాడీ దాటి అడాప్టర్‌లోకి పొడుచుకొస్తుంది. 68కి షాఫ్ట్ నుంచి 34 మి.మీ. లెక్క. అడాప్టర్ మందం చాలకపోయినా, లోపలి వాలు తొందరగా సన్నబడినా అంచు గోడకి రాసుకుంటుంది. రాసుకుంటే అల్యూమినియం మీద నెలవంకలా మెరిసే గీత పడుతుంది. అది కనబడితే మళ్లీ లేత్ ఎక్కించండి, లేకపోతే తెరిచి ఉండగానే ఇరుక్కుంటుంది.

హనుమకొండ 1.8 టర్బో
గీత ఉంది అన్నా! సన్నగా, పైభాగంలో. అడాప్టర్ మళ్లీ లేత్ మీదికి పంపా. కప్లర్ పిన్ మీరన్నట్టే చేతికొచ్చింది. వైరింగ్ మొత్తం మార్చాక ఎంత రేస్ ఇచ్చినా ఫాల్ట్ రావట్లేదు. పీ సగానికి తగ్గించాక వణుకు పోయింది. ఇప్పుడు అసలు సందేహం: ఇంత చేశాక పవర్ ఎంత పెరగొచ్చు?

కాజీపేట ట్యూనర్
ఇది కొనకముందు అడగాల్సింది. ఫుల్ థ్రాటిల్‌లో, పై ఆర్‌పీఎంలో బటర్‌ఫ్లైకి ముందు, వెనక ప్రెషర్ కొలిచి చూడు. పాత బాడీతో తేడా 1–2 కిలోపాస్కల్సే ఉంటే అక్కడ అడ్డం ఏమీ లేనట్టే, పెద్దది పెట్టినా డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కనబడదు. నీ టర్బో కంపెనీదే అయితే ముందు ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్ చూడాల్సింది. పెద్ద టర్బో వేసే ఉద్దేశం ఉంటే ఈ ఖర్చు వృథా కాదు. ఈ బండి రోడ్డెక్కించే ఆలోచన ఉంటే బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదువు. పాత బాడీ, ఇసియు అమ్మేయకు.

జగిత్యాల స్విఫ్ట్
నాది పాత 1.3 స్విఫ్ట్, కేబుల్ థ్రాటిల్. దీనికీ ఎలక్ట్రానిక్ పెట్టొచ్చా?

రామగుండం ఇన్‌స్ట్రుమెంట్
పెట్టొచ్చు. ఎలక్ట్రానిక్ పెడల్ కావాలి, రెండు దిక్కులా మోటార్ నడిపే ఇసియు కావాలి, దానికి వేరే రిలే, ఫ్యూజ్, బ్రేక్ స్విచ్ సిగ్నల్ కావాలి. ఆ డబ్బుతో కొత్త కేబుల్ వేసి, టైర్లు, బ్రేకులు మార్చుకో భాయ్, ఇంకా మిగులుతుంది.