ఈ చిత్రంలో మాస్కో కోట తెల్లగా ఎందుకు ఉంది?

ప్రశ్న:
రష్యన్ చిత్రకారుడు అపొలినరీ వాస్నెత్సోవ్ 1922లో గీసిన ‘ద్మీత్రి దన్‌స్కోయ్ కాలపు మాస్కో క్రెమ్లిన్’ చిత్రం చూశాను. నది ఒడ్డున తెల్లని ప్రాకారం, బురుజులు, వాటి వెనుక కొండమీద కిక్కిరిసిన కొయ్య ఇళ్లు ఉన్నాయి. మనం ఎరిగిన క్రెమ్లిన్ ఎర్రటిది కదా! ఒకప్పుడు ఆ గోడలకు వెల్ల వేసేవారని చదివాను. చిత్రంలోని తెలుపు ఆ సున్నానిదేనా, లేక చిత్రకారుడి కల్పనా?

మొదటి జవాబు:
రెండూ కాదండీ, అది రాతి రంగు. 1156లో అక్కడ కట్టినది కొయ్యకోట. 1339–40లో మాస్కో పాలకుడు ఇవాన్ కలితా దాన్ని ఓక్ దుంగలతో విస్తరించి కట్టించాడు. 1365లో మాస్కో తగలబడిన తరువాత, కొయ్యను ఇక నమ్ముకోలేమనుకున్న అప్పటి మాస్కో పాలకుడు ద్మీత్రి, 1367లో తెల్ల సున్నపురాతితో గోడలు లేపడం మొదలుపెట్టాడు. లిథువేనియా పాలకుడు అల్గిర్దస్ 1368లో ఒకసారి, 1370లో మరోసారి ముట్టడించి కూడా కోటను పట్టుకోలేకపోయాడు. ఇప్పుడున్న ఎర్ర ఇటుక గోడలు 1485–1495 మధ్య ఇటలీ నుంచి వచ్చిన వాస్తుశిల్పుల చేతిమీద లేచాయి. గోడల నెత్తిన ఏట్రింత పిట్ట తోకలా రెండుగా చీలిన పళ్లు ఆ ఇటలీ పనితనమే. మీరు చదివిన వెల్ల ఈ ఇటుకల మీద శతాబ్దాల తరువాత పడినది.

రెండవ జవాబు:
పై వివరణ సరైనదే కాని, చిత్రాన్ని ఫొటోలా చూడకూడదు. ద్మీత్రి నాటి కోటను చూసి గీసిన బొమ్మ ఏదీ మనకు దక్కలేదు. పాత నగరపటాలనూ చరిత్ర గ్రంథాలనూ ఏళ్ల తరబడి శోధించిన వాస్నెత్సోవ్, వాటి ఆధారంగా అల్లిన దృశ్యమిది. ఒక్కటి గుర్తుంచుకోండి, గోడ ఎల్లకాలం ఇంత కొత్తగా మెరవలేదు. 1476లో మాస్కో చూసిన వెనిస్ రాయబారి అంబ్రోజియో కొంటారీని, ఊరితో పాటు కోట కూడా కొయ్యదేనని రాసుకున్నాడు. రాయి కూలినచోటల్లా దుంగలతో అతుకులు వేస్తూ వచ్చారు కనుకనే ఆయన కంటికి అలా కనిపించిందని చరిత్రకారులు అంటారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఇది కట్టిన కొత్తలోని కోట అన్నమాట.

రెండవ జవాబు ఇచ్చినవారు:
అవునండీ. ఆయనే 1921లో గీసిన ఇవాన్ కలితా కాలపు క్రెమ్లిన్ చిత్రాన్ని దీని పక్కన పెట్టుకుని చూడండి. అందులో ప్రాకారమంతా ఓక్ దుంగలే.