గిటార్, బేస్ రెండూ వాయించేవాడికి హైదరాబాద్‌లో ఏ గేర్? ఎలాంటి బ్యాండ్?

అమీర్‌పేట్_స్ట్రింగ్స్:

లీడ్ గిటార్ వాయిస్తాను, బేస్ కూడా తాళం జారకుండా లాక్కురాగలను. మాదాపూర్‌లో ఉద్యోగం కాబట్టి వారాంతాలే ఖాళీ. పబ్బులు, సంగీత్ ఫంక్షన్లు, కార్పొరేట్ షోలు చేసే బ్యాండ్‌లో చేరాలని ఉంది. ప్రస్తుతం చేతిలో ఉన్నవి యమహా పసిఫికా 112వీ, 15 వాట్ల ప్రాక్టీస్ ఆంప్, ఒక కేబుల్. బేస్ అరువుది, తిరిగి ఇచ్చేయాలి. 60 వేల దాకా పెట్టగలను. తిరుగుడంతా బండి మీదే.

బేస్ ఆంప్ తీసుకోవాలా? నాలుగు తీగలదా, ఐదు తీగలదా? రెండు వాయిద్యాలకూ ఒకే ప్రాసెసర్ (ఎఫెక్ట్స్ అన్నీ ఒకేచోట ఉండే పెడల్ పెట్టె) సరిపోతుందా? అసలు బ్యాండ్‌లోకి గిటారిస్టుగా వెళ్లాలా, బేసిస్టుగానా?

లైన్‌చెక్:

ఆంప్ మాట మరిచిపోండి. ఇక్కడి పబ్బుల్లో, ఫంక్షన్ హాళ్లలో బేస్ ఎక్కువగా డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న డబ్బా) గుండా నేరుగా మిక్సర్‌కే వెళ్తుంది. స్టేజి మీద ఆంప్ ఉన్నా అది మీ చెవులకే, జనానికి కాదు. బేస్ కింది ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డ్రమ్స్ పక్కన దాన్ని వినిపించాలంటే కొన్ని వందల వాట్లు, పెద్ద క్యాబినెట్ కావాలి. అది బండి మీద రాదు. మీ 15 వాట్ల గిటార్ ఆంప్‌లో బేస్ గట్టిగా పెడితే స్పీకర్ పాడవుతుంది, ఇంట్లో కూడా ఆ పని చేయకండి.

ముందు బేస్, తర్వాత ప్రాసెసర్, డీఐలు. మిగిలినదంతా కేబుళ్లకూ సెటప్‌కూ. యమహా టీఆర్‌బీఎక్స్ 174 పాసివ్ బేస్, బ్యాటరీ గొడవ లేదు. ఐబనెజ్ జీఎస్ఆర్ 200 మెడ సన్నగా ఉంటుంది, గిటార్ అలవాటున్న చేతికి హాయి. కాకపోతే దానిలోని బేస్ బూస్ట్‌కు 9 వోల్టుల బ్యాటరీ కావాలి. ఏ యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న) బేస్‌కైనా కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, బ్రేక్‌లో జాక్ పీకేయండి. బ్యాటరీ అయిపోయే ముందు గట్టిగా మీటినప్పుడు శబ్దం పగులుతుంది. చాలామంది అది కేబుల్ లోపం అనుకుని కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు.

నాలుగా ఐదా అన్నది మీ గాయకుల శ్రుతిని బట్టి. ఒకటిన్నర శ్రుతి అంటే సీ షార్ప్. నాలుగు తీగల బేస్‌లో దానికి షడ్జం ఎ తీగ 4వ ఫ్రెట్‌లో దొరుకుతుంది, ఆ కింది స్థాయి ఉండదు. ఐదు తీగలదైతే బి తీగ 2వ ఫ్రెట్‌లో కింది షడ్జం కూడా ఉంటుంది, ఈమధ్య సినిమా పాటల్లోని సింథ్ బేస్‌కు బాగా పనికొస్తుంది. కానీ చవక ఐదు తీగల బేసుల్లో బి తీగ వదులుగా కొట్టుకుంటుంది, స్వరం స్పష్టంగా పలకదు. ఈ బడ్జెట్‌లో నాలుగే నయం. గిటార్‌కు కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్‌లో నొక్కి పట్టే క్లిప్) ఉండనే ఉంది: ఒకటిన్నరకు 4వ ఫ్రెట్‌లో పెట్టి ఎ కార్డ్స్, ఆడవాళ్ల పాట ఐదున్నరలో, అంటే జీ షార్ప్‌లో పడితే 1వ ఫ్రెట్‌లో పెట్టి జీ కార్డ్స్.

ప్రాసెసర్ ఒకటి చాలు. మిక్సర్‌లో ఛానెల్ మాత్రం ఒకటి చాలదు. సౌండ్ ఇంజనీర్ గిటార్ ఛానెల్‌కు 80–100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ వేస్తాడు, అంటే దాని కింది శబ్దాన్ని కోసేస్తాడు. అదే లైన్‌లో బేస్ వస్తే అడుగంతా కోసుకుపోతుంది. మీరు ప్యాచ్‌లో (ప్రాసెసర్‌లో దాచుకున్న సౌండ్ సెట్టింగ్‌లో) అడుగు స్వరాలు పెంచుతూనే ఉంటారు, బయట ఏమీ మారదు. అందుకని రెండు ఔట్‌పుట్‌లున్న ప్రాసెసర్ తీసుకోండి. బేస్ ప్యాచ్‌లన్నీ పూర్తిగా ఎడమకు, గిటార్ ప్యాచ్‌లన్నీ పూర్తిగా కుడికి పాన్ చేయండి. రెండు డీఐలు, రెండు ఛానెళ్లు. ఇంజనీర్‌కు ముందే చెప్పండి, లేకపోతే స్టీరియో జత అనుకుని రెంటినీ లింక్ చేస్తాడు.

గిటార్ ప్యాచ్‌లలో క్యాబ్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. అది లేకుండా డిస్టార్షన్ పీఏలోకి (జనం వినే స్పీకర్లలోకి) వెళ్తే కందిరీగల గోలే. అదే ప్యాచ్‌ను జామ్ రూమ్‌లో (బ్యాండ్ రిహార్సల్ గదిలో) గిటార్ ఆంప్ ముందు జాక్‌లో పెడితే క్యాబ్ ఆఫ్ చేయాలి, లేకపోతే శబ్దం మూసుకుపోతుంది. ప్యాచ్‌ల వాల్యూమ్ హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకుంటే షోలో దెబ్బతింటారు. జామ్ రూమ్ మిక్సర్ మీటర్ చూస్తూ, డ్రమ్మర్ వాయిస్తుండగా సరిచేయండి. సోలో ప్యాచ్ రిథమ్ కన్నా 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే చాలు.

ప్రాసెసర్ లేకుండా పాసివ్ బేస్‌ను నేరుగా డీఐకి పెట్టాల్సి వస్తే యాక్టివ్ డీఐ వాడండి, పాసివ్ డీఐ పైస్వరాల మెరుపు కొంత తినేస్తుంది. బెహ్రింగర్ డీఐ 100 బ్యాటరీతోనూ, మిక్సర్ కేబుల్ గుండా పంపే ఫాంటమ్ పవర్‌తోనూ నడుస్తుంది. గిటార్ కేబుల్ 6 మీటర్లు దాటనివ్వకండి. డీఐ తర్వాత ఎంత దూరమైనా ఇబ్బంది లేదు.

కొత్త వాయిద్యాన్ని సెటప్ చేయించకుండా స్టేజి ఎక్కించకండి. 12వ ఫ్రెట్ దగ్గర బేస్ ఇ తీగ ఎత్తు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, గిటార్‌లో అదే తీగ 1.6 నుంచి 2. తీగల మందం బేస్‌కు 45–105, గిటార్‌కు 10–46 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన). మే ఎండలకూ జూలై తేమకూ మధ్య మెడ వంపు మారుతుంది, కాబట్టి వానలు పడ్డాక ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే కడ్డీ) మరోసారి చూపించండి.

బేస్_బాబాయ్:

బేసిస్టుగనే పో తమ్మీ. గిటారిస్టులు గల్లీకి నలుగురు దొర్కుతరు, టైమ్ పట్టుకొని బేస్ వాయించెటోడు దొర్కడు. లోపలికి పోయినంక రెండు పాటలకు గిటార్ పట్టుకుంట అంటె ఎవ్వరు వద్దనరు. గిటార్‌తోని పోయి బేస్ గుడ వాయిస్త అంటె మాత్రం లైన్‌ల నిలబడాలె.

ముహూర్తాల లెక్క తెల్సుకో, పంచాంగం ఫోన్‌ల పెట్టుకో. ఆషాఢంల పెండ్లిలుండవు, పుష్యంల ఉండవు. శ్రావణం, మాఘం వచ్చినయంటె ఒక్క మంచి ముహూర్తానికి ఊర్లున్న బ్యాండ్లన్నిటికి అటుఇటుగ అదే తారీఖుల సంగీత్. ఒక్క బేసిస్టు రెండు స్టేజీల మీద ఉండలేడు కద, గప్పుడు సబ్ (బదులుగ వాయించెటోడు) కోసం ఫోన్లు మోగుతయి. సబ్‌గ పోయినోడే తర్వాత పర్మనెంట్ అయితడు. అందుకే ఆషాఢంలనే పాటలు తయారు జేసుకొని నలుగురికి మొకం జూపియ్యాలె. డిసెంబర్ 31 గుడ గంతే, నవంబర్‌లనే అడుగుతరు.

ఎక్కడ దొర్కుతరంటె, జామ్‌ప్యాడ్ (రిహార్సల్ రూమ్) నడిపెటోళ్లను పట్టుకో. ఏ బ్యాండ్‌ల ఎవ్వడు బయటికి పోయిండో ముందుగాల వాళ్లకే తెలుస్తది. బంజారాహిల్స్‌ల లామకాన్ ఓపెన్ మైక్‌లకు పో. సికింద్రాబాద్ చర్చిలల్ల వాయించెటోళ్లను దోస్తులను జేస్కో, వాళ్ల టైమింగ్ మస్తుంటది, ఎక్కువమంది వారమంత బయట షోలు చేస్తరు.

వీడియో ఒక్కటి పంపు, నిమిషంన్నర చాలు. తెలుగు ఫాస్ట్ బీట్, హిందీ రెట్రో, ఒక ఇంగ్లీష్ ఫంక్. బేస్‌ను ఫోన్ మైక్‌తోని రికార్డ్ జేయకు, ప్రాసెసర్ నుంచి నేరుగ లైన్‌ల తీస్కొని వీడియోకు కలుపు. ఫోన్ స్పీకర్‌ల 41 హెర్ట్జ్ ఇనబడదు, 700 నుంచి 1000 హెర్ట్జ్ దగ్గర జర లేపు, అప్పుడు నువ్వు ఏం వాయిస్తున్నవో తెలుస్తది. స్లాప్ (బొటనవేలితోని తీగ కొట్టుడు) సోలో పెట్టకు, సంగీత్ బ్యాండోళ్లకు దానితోని పని లేదు.

చేరే ముందు మొకమాటం లేకుండ అడుగు. పేమెంట్ షో అయినంక ఎన్ని దినాలకు? జామ్‌ప్యాడ్ కిరాయి ఎవరిది? షో క్యాన్సల్ అయితె అడ్వాన్స్‌ల నీ వాటా ఉంటదా? వరంగల్ దిక్కు పోతె రాత్రి వాపస్ వచ్చుడా, రూమ్ ఇస్తరా? ఇంకో బ్యాండ్‌ల వాయించొచ్చా? గీ ఆఖరిదే పంచాయితీ పెట్టేది. వాట్సాప్‌ల రాతగ ఉంచుకో.

ఒక సంగతి. ఓపెన్ లాన్‌ల రాత్రి 10 దాటితె లౌడ్‌స్పీకర్ బంద్, రూల్ గది. బరాత్ లేట్ అయితె నీ రెండు గంటల సెట్ 40 నిమిషాలైతది. ఏ పాటలు తీసెయ్యాలో ముందే గుర్తు పెట్టుకో.

అమీర్‌పేట్_స్ట్రింగ్స్:

చాలా థ్యాంక్స్, ఆంప్ ఆలోచన మానేశాను. ఇంకో రెండు సందేహాలు. లాన్ షోలలో మైక్‌కు పెదవి తగిలితే షాక్ కొడుతుందని విన్నాను, నిజమేనా? ఇక బ్యాండ్ ముందే రికార్డ్ చేసిన ట్రాక్ మీద నడిస్తే బేసిస్టుకు ఏం మారుతుంది?

ఫేజ్_న్యూట్రల్:

నిజమే. మీ తీగలు జాక్, కేబుల్, డీఐ మీదుగా ఒక ఎర్త్‌కు చేరతాయి, మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌కు చేరుతుంది. స్టేజికి జనరేటర్ నుంచి, మిక్సర్‌కు లాన్ లైన్ నుంచి కరెంటు ఇచ్చి, ఒకవైపు ఎర్త్ లేకపోతే ఆ తేడా మీ చేతికీ పెదవికీ మధ్య పడుతుంది. చిన్న డిజిటల్ మల్టీమీటర్ బ్యాగులో ఉంచండి. ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక పిన్ను తీగకు, ఒకటి మైక్ జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులైతే ఫర్వాలేదు. పదుల్లో చూపిస్తే వాయించకండి, కారణం తేలాకే. రెండు పిన్నుల అడాప్టర్ లీకేజీ వల్ల కూడా 100 దాకా చూపించవచ్చు, అది చిమచిమ మాత్రమే. కానీ ఏది లీకేజీయో ఏది అసలు ఫేజో మీటర్ చెప్పదు, మీరు ఊహించి తేల్చకండి. స్టేజి మొత్తాన్నీ మిక్సర్ ఉన్న బోర్డు నుంచే ఇమ్మని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. నోటికి స్పాంజి తొడుగు ఉన్న మైక్ కొంత కాపాడుతుంది, అది పరిష్కారం కాదు.

హమ్ పోవడానికి ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి. అందుకోసమే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంది. అది ఆడియో షీల్డ్‌ను మాత్రమే విడదీస్తుంది. అయితే ప్రాసెసర్ రెండు పిన్నుల అడాప్టర్‌తో నడుస్తుంటే మీ తీగలకు ఉన్న ఏకైక ఎర్త్ ఆ షీల్డే. అప్పుడు లిఫ్ట్ నొక్కితే హమ్ ఇంకా పెరుగుతుంది, తీగలు చిమచిమలాడతాయి. మీట రెండు వైపులా వేసి విని, తక్కువ మోగిన వైపు ఉంచండి. ఎల్ఈడీ వాల్ పక్కన సింగిల్ కాయిల్ గిటార్ గీ పెడితే ఎర్త్ తప్పు కాదు. వాల్‌కు దూరం జరగండి, లేదా మీ పసిఫికాలో బ్రిడ్జ్ హంబకర్‌కు (హమ్ తగ్గించే రెండు కాయిళ్ల పికప్) మారండి.

బేస్_బాబాయ్:

ట్రాక్ సంగతి నేన్ జెప్త. ఆ లాప్‌టాప్ ట్రాక్‌లల్ల చానామట్టుకు బేస్ ముందుగాలే ఉంటది. నువ్వు దాని మీద వాయిస్తె రెండు బేసులు 10, 20 మిల్లీ సెకన్ల తేడాతోని తగిలి అడుగంత కలగాపులగం అయితది, జనం నిన్నే అంటరు. బేస్ తీసేసిన ట్రాక్ అడుగు. లేదంటె ఆ పాటకు గిటార్ పట్టుకో, నీకు రెండు చేతనైతయి కద. క్లిక్ (తాళం లెక్క టక్‌టక్) చెవుల ఉండాలె, అందుకు ఇన్-ఇయర్ (చెవిల పెట్టుకునే మానిటర్), దానికి బెహ్రింగర్ పీ2 లాంటి చిన్న బెల్ట్ డబ్బా చాలు. దాంట్లకు మిక్సర్ నుంచి ఆక్స్ లైన్ (నీకు కావలసిన మిక్స్ వేరేగ వచ్చే లైన్) ఒకటి నీ పేరు మీద రావాలె, సౌండ్ చెక్‌ల ముందు గదే అడుగు. పాత పాటల ట్రాక్‌లు కొన్ని శ్రుతికి అటుఇటు ఉంటయి, మామూలు ఎ=440 హెర్ట్జ్ కాదు. పాట మొదలైనంక తెలిస్తె ఏం జేయలేవు. ముందు రోజే ట్రాక్‌లు తెప్పించుకొని ట్యూనర్ రిఫరెన్స్ ఎంతకు సరిపోతదో ఒక్కో పాటకు రాసి పెట్టుకో.