ఈ వారం సమస్య: “మైనమద్దినపుడె మనిషి నిలుచు”

వానపిట్ట (సమస్య ఇచ్చినది)

అందరికీ నమస్కారం. రేపు రాత్రి రైలుకి విశాఖ నుంచి చెన్నై, అక్కణ్ణుంచి ఓ నలభై కిలోమీటర్లు కిందికి కోవళం వెళ్తున్నా, కేరళ కోవళం కాదు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉండే జాలర్ల ఊరు, సర్ఫింగ్ చేసేవాళ్ళకి బాగా తెలిసిన చోటు. ఇవాళ సంచి సర్దుతుంటే మా అమ్మ ఒక బిళ్ళ పైకి తీసి, కొబ్బరి వాసన వస్తోంది కదా అని, “కొత్త సబ్బా?” అంది. కాదమ్మా, మైనం, అల మీద నిలబడే బల్లకి రుద్దుతాం అన్నాను. “జిప్పు పట్టేస్తే మనం కొవ్వొత్తి రుద్దేది జారాలనే కదరా, అసలే నీళ్ళలో జారే బల్లకి మళ్ళీ మైనమా, నడుం విరుగుతుంది” అని కోప్పడింది. ఆవిడ తిట్టులోంచి పుట్టిందే ఈ సమస్య. ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. సర్ఫింగే రాయాలని ఏమీ లేదు, మైనం ఎక్కడ అద్దినా సరే.

ఉప్పుగాలి

అమ్మగారి అనుమానం న్యాయమైనదే. మంచు మీద జారే స్కీలకి మైనం అడుగున రాస్తారు, అది జారడానికి. మన బల్లకి పైన, కాళ్ళు పెట్టే వైపు రాస్తాం, పాదం పట్టు దొరకడానికి. నా ప్రయత్నం:

సర్ఫు బల్ల మీద జర్రున జారెడి
కాలి కింద పట్టు కలుగవలయు;
బిళ్ళ మరచిపోకు వెళ్ళెడి వేళలో;
మైనమద్దినపుడె మనిషి నిలుచు.

పెరుగన్నం

బావుంది గానీ మొదటి పాదంలో ‘స’కి ‘జ’ యతి ఎలా కుదిరింది అన్నా, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం పడాలి కదా? నాకు తప్పులా కనిపిస్తోంది.

గురులఘువు

తప్పు కాదు నాయనా. చ ఛ జ ఝ శ ష స, ఇవన్నీ ఒకదానికొకటి చుట్టాలు, వాటి మీద అచ్చులు కూడా కలిస్తే చాలు. మూడో పాదంలో ‘బి’కి ‘వె’ కూడా అంతే, బకార వకారాలకు మైత్రి ఉంది, ఇకారం ఎకారం ఒక జట్టు. గణాలు, అంటే గురు లఘువుల లెక్క, సరిపోయాయి. నాకు అడ్డుపడింది అర్థం. ‘బిళ్ళ మరచిపోకు’ అనగానే నాకు ప్రయాణంలో వాంతులు కాకుండా వేసుకునే బిళ్ళ గుర్తొచ్చింది, నాలుగో పాదం దాకా అదే అనుకున్నాను. సమస్యాపూరణంలో కాస్త తికమక మంచిదే అనుకో.

ఉప్పుగాలి

హహ, నేను పడవ మీద వెళ్ళేటప్పుడు ఆ బిళ్ళా పెట్టుకుంటాను మాస్టారూ.

బెజవాడ పిన్ని

నాకు సముద్రం దూరం, నేను మైనపు బొమ్మల మీద పడ్డాను:

చచ్చిపోయినట్టి చక్రవర్తి మరల
జనుల కెదురు వచ్చి చక్క నగును;
ఫొటొల కొరకు చేయి భుజమున వేయుము;
మైనమద్దినపుడె మనిషి నిలుచు.

పెరుగన్నం

పిన్నీ, చచ్చినవాళ్ళకే బొమ్మలు పెడతారని ఎవరన్నారు, బ్యాంకాక్‌లో ప్రభాస్ బొమ్మ 2017లోనే పెట్టారు. అభిమానులు చూస్తే మీ ఇంటి ముందు ధర్నా.

గురులఘువు

పిన్నిగారి ఊహ హాయిగా ఉంది, నాలుగో పాదం చక్కగా వాలింది. రెండు మాటలు. ఒకటి, ‘ఫొటొల’. అసలు మాట ‘ఫొటోల’, దాన్ని అలాగే రాస్తే లఘువు, గురువు, లఘువు (పొట్టి, పొడుగు, పొట్టి అక్షరాలు) వచ్చి అక్కడ ఉండాల్సిన సూర్యగణం కాదు, అందుకని మీరు దీర్ఘం కత్తిరించారు. గణం కోసం మాట కాళ్ళు విరగ్గొట్టడం నాకు నచ్చదు, ఇంగ్లీషు మాటైనా సరే. ‘బొమ్మ పక్క చేరి భుజమున చేయిడ’ అంటే సరిపోతుంది, యతీ నిలబడుతుంది. రెండోది, బొమ్మని మైనంతో పోత పోస్తారు, అద్దరు. సమస్యలో ‘అద్దినపుడె’ ఉంది కదా, అక్కడ కొంచెం జారింది.

బెజవాడ పిన్ని

బొమ్మ పక్క చేరి... ఒప్పుకున్నాను, నాదానికంటే బావుంది. పోత సంగతి మాత్రం ఒప్పుకోను, పైన రంగులు అద్దుతారుగా.

పెరుగన్నం

ఇక నాది. నిరుడు మే నెలలో నిజంగా జరిగింది, కాబట్టి నవ్వకండి.

ఎండ మండువేళ కారులో నుంచిన
వెన్నవోలె కరిగి వెల్లువాయె;
బల్లకంటలేదు బట్టల కంటెను;
మైనమద్దినపుడె మనిషి నిలుచు.

రుషికొండ దగ్గర కారు ఆపి టిఫిన్‌కి వెళ్ళొచ్చేసరికి డిక్కీలో సంచి అంతా మైనం, తువ్వాలు తీస్తే అట్టలా నిలబడింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ చొక్కా చూపించి మాట్లాడుతుంది.

గురులఘువు

నవ్వకుండా ఉండటం కష్టం. రెండు మూడు పాదాలు దివ్యంగా ఉన్నాయి, ‘బల్లకంటలేదు బట్టల కంటెను’ అన్నది ఈ వారం అన్నింటిలో నాకు నచ్చిన పాదం. మొదటి పాదంలో మాత్రం ‘ఎ’కి ‘కా’ యతి లేదు. పూరణల్లో ఎవరో ఒకరు ఈ తప్పు చెయ్యకపోతే నాకు వారం గడవదు. ‘కాయు నెండలోన కారులో నుంచిన’ అని మార్చు, ‘కా’కీ ‘కా’కీ యతి, ఎండ కూడా ఎక్కడికీ పోలేదు.

పెరుగన్నం

ఇంతసేపూ తల బద్దలుకొట్టుకున్నది మీరు ఒక్క నిమిషంలో సరిచేశారు. దండాలు.

ఉప్పుగాలి

పెరుగన్నం తమ్ముడూ, అసలు నువ్వు ఏ మైనం కొన్నావు? నా అనుమానం చల్లనీళ్ళ రకం అయ్యుంటుంది. నీటి వేడిని బట్టి మైనం మారుతుంది, చల్లనీళ్ళకి మెత్తగా చేస్తారు, లేకపోతే గట్టిపడి బల్లకి అంటదు. వేడినీళ్ళకి గట్టిగా చేస్తారు, ట్రాపికల్ అని రాసి ఉంటుంది, సుమారు 24 డిగ్రీలు దాటిన నీటికి అదే. మన బంగాళాఖాతం వైపు అంతకన్నా వెచ్చగానే ఉంటుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తోంది కదా అని ‘కోల్డ్’ అని రాసినది కొంటే అది బల్ల మీద కూడా జిగురు జిగురుగా చెదిరిపోతుంది, కారులో సంగతి చెప్పక్కర్లేదు. అయితే డిక్కీలో మధ్యాహ్నం ఎండకి గట్టి రకం కూడా ఆగదు, అది వేరే విషయం. దీని మీదే ఇంకో పూరణం:

నీటి వేడి చూచి నేర్పుతో మైనము
నెంచుకొనని వాని కేది దారి?
మన కడలికి వేడి మైనమే తగునయా,
మైనమద్దినపుడె మనిషి నిలుచు.

బెజవాడ పిన్ని

వేడి మైనమా!! బాబూ, మా పార్లర్‌కి ఒకసారి రా, వేడి మైనం అద్దినపుడు మనిషి నిలుస్తాడో పైకప్పు ఎగిరేలా అరుస్తాడో చూద్దువు గానీ. పీకినపుడు సంగతి మళ్ళీ వేరు.

వానపిట్ట

పిన్నీ 😂 ఆఫీసులో చదువుతున్నాను, పక్కవాళ్ళు చూస్తున్నారు.

గురులఘువు

పిన్నిగారు హాస్యంగా అన్నా అది అసలైన విమర్శే. ‘వేడినీటికి పనికొచ్చే మైనం’ అన్న అర్థం ‘వేడి మైనం’లో రాదు. ఉప్పుగాలే ఇందాక పైన ‘గట్టి’ అన్నాడు కదా, అదే పెడితే పోతుంది:

మన కడలికి గట్టి మైనమే తగునయా

‘వేడి’ తీసి ‘గట్టి’, రెండూ గురు లఘువులే, గణం కదలలేదు. వస్తువు తెలిసినవాడికి సరైన మాట వచనంలో ముందే దొరికింది, పద్యంలోకి వచ్చేసరికి వదిలేశాడు, చాలామందికి ఇదే జరుగుతుంది. రెండో పాదంలో ‘వాని కేది’ దగ్గర యతి ‘ఏ’ అచ్చుతో చెల్లింది, అది తెలిసే చేశావని నమ్ముతున్నాను.

ఉప్పుగాలి

తెలియదు మాస్టారూ, చెవికి బావుందని రాశాను. ‘గట్టి’ తీసుకున్నాను. గట్టి రకానికి ఇంకో ఉపయోగం ఉంది, ముందు ఆధారపు పూతగా అదే రుద్దుతారు, చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతూ, బల్ల మీద బొడిపెలు లేచేదాకా. ఆ బొడిపెలే పాదాన్ని పట్టుకునేది, నున్నటి పూత ఎంత మందంగా పూసినా లాభం లేదు. తొందరపడి ఎక్కువ ఒత్తి రుద్దితే బొడిపెలు చదునైపోతాయి, నేను మొదటి ఏడాదంతా అదే చేశాను, పడ్డప్పుడల్లా అలని తిట్టాను. ఇంకో మాట, నేర్పేవాళ్ళు ఇచ్చే మెత్తటి ఫోం బల్ల పైభాగం గరుగ్గానే ఉంటుంది, దానికి మైనం పెద్దగా అక్కర్లేదు. వానపిట్టా, నువ్వు తీసుకెళ్ళేది నీ సొంత ఫైబర్ బల్లేనా?

వానపిట్ట

బల్ల అక్కడే అద్దెకి తీసుకుంటా, ఫైబర్‌దే ఇస్తామన్నారు, మైనం మాత్రం మనదే తెచ్చుకోమన్నారు. చర్చ చూసి సంచి మళ్ళీ విప్పాను. బిళ్ళ మీద చూస్తే ట్రాపికల్ అనే ఉంది, బతికిపోయా. కాగితం చుట్టలో వదిలేస్తే ఇసుకంతా అంటుకుంటుందని అమ్మ తన పాత సబ్బుపెట్టె ఇచ్చింది, చివరికి ఆవిడ సబ్బు అన్నందుకు సబ్బుపెట్టెలోకే చేరింది. సమస్య ఇచ్చినవాడు కూడా పూరించాలి కదా:

సబ్బుపెట్టె నింపి చక్కగా మూతేసి
రైలు బెర్తు కింద రాత్రి గడిపి
కోవళమున దిగితి కోడికూతకు ముందె;
మైనమద్దినపుడె మనిషి నిలుచు.

గురులఘువు

ఛందస్సు నిర్దోషం. అన్వయం మాత్రం చూసుకో, ‘రైలు బెర్తు కింద రాత్రి గడిపి’ అన్నదానికి కర్త ఎవరు? దిగినవాడివి నువ్వే కాబట్టి బెర్తు కింద పడుకున్నదీ నువ్వే అవుతావు.

పెరుగన్నం

వెయిటింగ్ లిస్టు క్లియర్ కాలేదేమో గురువుగారూ, కవి నిజమే రాశాడు.

వానపిట్ట

కన్ఫర్మ్ అయిందిరా బాబూ! ‘బెర్తు పైన’ అని మార్చేస్తాను.

బెజవాడ పిన్ని

ఇంకా వెళ్ళనేలేదు, అప్పుడే ‘దిగితి’ అంటున్నావు.

ఉప్పుగాలి

అదంతా సరే, దువ్వెన పెట్టుకున్నావా?

వానపిట్ట

నాకు దువ్వెనెందుకన్నా, నా ఫొటో చూడలేదా, ముందువైపు ఏమీ మిగల్లేదు.

ఉప్పుగాలి

తలకి కాదయ్యా! రెండో రోజుకి మైనం తొక్కీ తొక్కీ నున్నబడుతుంది, అప్పుడు అడ్డంగా నిలువుగా గీతలు గీరడానికి. మైనానికనే పళ్ళ దువ్వెన అమ్ముతారు, అది లేకపోతే ఇంట్లో పాతదేదైనా గట్టి పళ్ళది తీసుకో.

వానపిట్ట

అమ్మ దువ్వెన అడిగాను. “ముందు సబ్బుపెట్టె, ఇప్పుడు దువ్వెన, ఇంతకీ అక్కడ స్నానానికి వెళ్తున్నావా సముద్రానికా” అంటోంది.