నడుమ దూరిన మాటకు రెండు కామాలు

నిన్న ఒక సభ్యులు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి అమ్మాయి కళాశాలకు ఇంగ్లీషులో రాసిన సెలవు చీటీలో ‘మై ఫాదర్, హూ ఈజ్ ఎ ఫార్మర్ ఈజ్ నాట్ వెల్’ అని ఉంటే, అధ్యాపకులు ‘ఫార్మర్’ పక్కన ఎర్ర సిరాతో ఇంకో కామా పెట్టి ఇచ్చారట. మొదటిది చాలదా అన్నది వారి సందేహం.

చాలదు. వాక్యం నడుమ అదనంగా దూర్చిన మాటను తీసివేసినా మిగిలినది నిలబడాలి. ‘మై ఫాదర్ ఈజ్ నాట్ వెల్’ చక్కగా నిలబడుతుంది. ఆ దూర్చిన మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడానికే రెండు కామాలు. ఒక్కటే పెడితే అది ఒకవైపే కుండ కట్టిన కావడి. మాట వాక్యం చివర వస్తే రెండో కామా పనిని ఫుల్‌స్టాప్ చేస్తుంది.

బడిలో మనలో చాలామందిమి ‘ఊపిరి ఆగినచోట కామా’ అని నేర్చుకున్నాం. చిక్కు అక్కడే ఉంది. పైగా తెలుగులో ఈ హూ, విచ్ మాటలు ‘సేద్యం చేసే మా నాన్న’ అన్నట్టు పేరుకు ముందే చేరిపోతాయి కనుక, వాటికి కామా పెట్టే అలవాటే మనకు లేదు.

పొదలకూరు మార్కెట్‌కు వచ్చిన నిమ్మకాయలనే తీసుకుందాం. ‘ద లెమన్స్ విచ్ వర్ రైప్ వర్ సోల్డ్’ అంటే పండినవే అమ్ముడుపోయాయి, పచ్చివి గోతాంలో మిగిలాయి. ‘ద లెమన్స్, విచ్ వర్ రైప్, వర్ సోల్డ్’ అంటే కాయలన్నీ పండినవే, అన్నీ అమ్ముడుపోయాయి. తెలుగులో ‘పండిన కాయలు అమ్ముడుపోయాయి’ అంటే మొదటి అర్థమే ముందు తోస్తుంది. రెండోది కావాలంటే ‘కాయలన్నీ పండినవే, అన్నీ అమ్ముడుపోయాయి’ అని వాక్యాన్నే తిరగరాయాలి. సెలవు చీటీలో తండ్రి ఒక్కరే కదా, ‘హూ’ మాట ఏ తండ్రో తేల్చడానికి వచ్చింది కాదు. అందుకే అక్కడ రెండు కామాలు తప్పవు.

పేర్ల విషయంలోనూ ఇంతే. ‘ద పోయెట్ తిక్కన’ అన్నప్పుడు కామా అక్కర్లేదు, ఎందుకంటే కవులు ఎందరో, వారిలో ఎవరో చెప్పేది ఆ పేరే. ‘తిక్కన, ఎ పోయెట్ ఆఫ్ నెల్లూర్, రోట్ ఫిఫ్టీన్ పర్వాస్’ అన్నప్పుడు మాత్రం రెండూ కావాలి.

ఒంగోలు సభ్యులొకరు: అయ్యా, మరి ఊరూ జిల్లా కలిపి రాసేటప్పుడు?

నా జవాబు: అక్కడా రెండేనండి. ‘కావలి, నెల్లూర్ డిస్ట్రిక్ట్, ఈజ్ మై నేటివ్ ప్లేస్’ అని రాయాలి. జిల్లా తర్వాతి కామాను దాదాపు అందరూ మరిచిపోతారు. 2022లో కందుకూరు మీ ప్రకాశం నుంచి మా నెల్లూరుకు వచ్చినప్పుడు దరఖాస్తుల్లో జిల్లా పేరు మార్చుకున్నారు గానీ, ఆ రెండో కామా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.